ఒకనాటి విహారయాత్ర వలన ప్రయోజనమేమి?

దేశాటనము విద్యలో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. పూర్వము దేశాటనమనగా నెలల పని. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని తలచి ఇంటివారు కంట తడిపెట్టి సాగనంపెడివారు. నేడట్లు కాదు. ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు తిరిగివచ్చు యాత్రలు వెలసినవి. ప్రొద్దుట నొక కొండ, మధ్యాహ్నము నొక బజారు, నడుమ దారి చూపుచు మాటలు చెప్పు మార్గదర్శి, ముగియునప్పటికి చేతిలో రెండు సంచులు, సెల్‌ఫోనులో నూరు ఛాయాచిత్రములు. ఇట్టి యాత్రల వలన ప్రయోజనము కలదా లేదా యను విషయమున మా అభిప్రాయమును ఈ పత్రికాముఖమున విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విన్నవింపగోరుచున్నాము.

ఈ ఆలోచనకు కారణము కలదు. గడచిన జనవరి మాసమున మాకు కరీబియను సముద్రప్రాంతమందలి గ్వాదలూప్ అను ద్వీపమును చూచు నవకాశము కలిగెను. యానామునందలి కొన్ని కుటుంబములలో వలెనే మా కుటుంబమునందును ఒక శాఖవారు 1962లో ఫ్రెంచి పౌరసత్వమును కోరుకొనిరి. ఆ శాఖకు చెందిన మా పినతండ్రిగారి కుమారుడు ఇప్పుడా ద్వీపమున నొక వైద్యశాలలో ఉద్యోగి. అతని ఆహ్వానముపై పారిసు మీదుగా పోయితిమి.

తిరిగివచ్చిన పిమ్మట మా తరగతి పిల్లలు చుట్టును మూగి, "మాస్టారూ, ఏమి కొని తెచ్చితిరి?" అని అడిగిరి. మఱునాడు ఏడవ తరగతి విద్యార్థి తండ్రిగారొకరు బడి వాకిట కనబడి, "అంత దూరము పోయివచ్చితిరి గదా మాస్టరుగారూ, అక్కడ మీ తెలుగు ఎందుకైనను పనికివచ్చినదా?" అని నవ్వుచు ప్రశ్నించిరి. పిల్లల ప్రశ్నకు సమాధానము సులభము: ఒక రుమాలు, ఒక పొడి పొట్లము. తండ్రిగారి ప్రశ్నకు మాత్రము నిలుచున్న పాటున సమాధానము చెప్పలేకపోతిమి. వారు తమ కుమారుని రాబోవు సంవత్సరము ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలకు మార్చు తలంపులో నున్నవారు. కనుక అది నవ్వులాటకు అడిగిన ప్రశ్న కాదు. ఈ వ్యాసము వారికి మేము బాకీపడిన సమాధానము.

మేము పోయిన వారమున మా తమ్మునికి ఒక్క దినమైనను సెలవు దొరకలేదు. అందుచే అతడు ఓడలపై వచ్చు యాత్రికుల కొఱకు నడుపబడు బస్సులో మాకొక స్థానము కొనిపెట్టెను. ఆ యాత్ర కార్యక్రమము ఒక చిన్న అట్టపై ముద్రింపబడియుండెను. ఎనిమిది గంటలకు రేవునుండి బయలుదేరుట, అడవి, జలపాతము, హిందూ దేవాలయమువద్ద ఛాయాచిత్రముల కొఱకు పదునైదు నిమిషములు, సుగంధద్రవ్యముల బజారు, రెండు గంటలకు మరల రేవు. ఆరు గంటలలో ఒక దేశము! మేము ఆ అట్టను చూచి నవ్వుకొంటిమి. తరువాత ఆ నవ్వు మాపైననే తిరుగబడినది.

ముందుగా ఆ దేశమెట్టిదో చెప్పవలెను. గ్వాదలూప్ పటమున చూచినచో రెక్కలు విప్పిన సీతాకోకచిలుక వలె నుండును. రెండు ప్రధాన ద్వీపములు రెండు రెక్కలు. వాని నడుమ సన్నని ఉప్పునీటి పాయ యొకటి పాఱుచుండును. దానిపై వంతెనలు గలవు. తూర్పు రెక్క పేరు గ్రాంద్-తేర్, అనగా పెద్ద నేల. పడమటి రెక్క పేరు బాస్-తేర్, అనగా క్రింది నేల. విచిత్రమేమన, పెద్ద నేల యనబడునది చిన్నది. క్రింది నేల యనబడునదానియందే ఎత్తైన కొండలున్నవి. నావికుల మాటలో గాలి తాకిడి లేని ప్రక్క క్రింది ప్రక్క యగుటచే ఆ పేరు వచ్చినదట. అచటనే 1,467 మీటర్ల ఎత్తుగల లా సూఫ్రియేర్ అను అగ్నిపర్వతము నేటికిని ఆవిరులు గ్రక్కుచున్నది. 1976లో అది గర్జింపగా డెబ్బదివేలకు పైబడిన జనులను ఇండ్లనుండి తరలింపవలసివచ్చెను. ఈ ద్వీపము 1946 నుండి ఫ్రాన్సు దేశములో నొక జిల్లాగా పరిగణింపబడుచున్నది. అచటి బడులలో ఫ్రెంచి, ఇండ్లలో క్రెయోలు, చెల్లుబడి యగు నాణెము యూరో.

బస్సు ప్వాంత్-ఆ-పిత్ర్ పట్టణమును దాటి వంతెన మీదుగా బాస్-తేర్ ప్రవేశించెను. మా మార్గదర్శి నడివయసు స్త్రీ. ఫ్రెంచిని ఇంగ్లీషును మార్చి మార్చి చెప్పుచుండెను. తన పనిని ఎఱిగిన మనిషి. దారి ప్రక్కల చెట్లను చూపుచు ఆమె యడిగిన మొదటి ప్రశ్న మమ్ము నిలువరించినది: "ఈ కనబడు చెట్లలో ఈ దీవికి పుట్టుకతో చెందినవి ఏవి?" మామిడి, చింత, కొబ్బరి, అరటి, చెఱకు - ఇవియే అన్ని వైపుల. ఎవ్వరును జవాబు చెప్పలేదు. "ఒక్కటియు కాదు" అని ఆమె నవ్వెను. చెఱకును అరటియును ఆసియా ఖండపు పంటలు. మామిడి మన దేశమునుండి పోయినది. ఆ నేలపై మొదట నివసించిన కారిబు జాతివారు తమ దీవిని కరుకేరా యని పిలిచిరి. ఆ మాటకు చక్కని నీటి దీవి యని అర్థము చెప్పుదురు. 1493 నవంబరులో కొలంబసు వచ్చి వేఱొక పేరు పెట్టెను. ఆ జాతివారు ఆ దీవిలో నేడు జాతిగా మిగులలేదు. పేరు మాత్రము అంగళ్లపై, పడవలపై వ్రాయబడియున్నది. చెట్లును కొత్తవే, మనుష్యులును కొత్తవారే యైన దేశములో, ఎవరెవరు ఎచటనుండి వచ్చిరని యడుగకుండ ఏమి చూచినను సగమే చూచినట్లు.

స్వదేశపు చెట్లను చూడవలెనన్న కొండ నెక్కవలెను. 1989లో జాతీయవనముగా ప్రకటింపబడిన ఆ అరణ్యమున బస్సు మమ్ము దింపినది. కార్బే జలపాతములు మూడు. మొదటిది 115 మీటర్లు, రెండవది 110 మీటర్లు, మూడవది ఇరువది మీటర్లు. మేము చూచినది రెండవదానిని. చక్కగా వేయబడిన కాలిబాటపై ఇరువది నిమిషముల నడక. నడచినంతసేపును పైనుండి నీటి చుక్కలు రాలుచునే యుండెను; వాన కురియుచున్నదో, ఆకులు కారుచున్నవో తెలియలేదు. చెట్ల వేళ్లు నేలపై గోడలవలె లేచి మ్రానును ఆనుకొని నిలిచియున్నవి. కొండనేల పలుచన; వేళ్లు లోతుకు పోజాలవు; కనుక మ్రాను పడిపోకుండుటకు ప్రకృతి యిట్టి ఆనుడుగోడలను కట్టినదని మార్గదర్శి చెప్పెను. చెట్ల కొమ్మలపై అనాసకు బంధువులైన మొక్కలు గూళ్లవలె కూర్చున్నవి. వాని ఆకుల నడుమ గిన్నెలో వలె వాననీరు నిలుచును. ఆ నీటిలో కప్పలును పురుగులును బ్రదుకును. మనయెత్తు కంటె ఎత్తైన ఫెర్నుచెట్లను అచటనే మొదటిసారి చూచితిమి. ఇంత దట్టమైన అడవిలో విషసర్పము ఒక్కటియు లేదని విని మా గోదావరి బుద్ధి మొదట నమ్మలేదు. అది నిజమే.

జలపాతమును దూరపు వేదికనుండియే చూడనిచ్చిరి. కొండచరియలు విఱిగిపడు భయముచే దాని పాదమునకు పోనీయరు. తెల్లని నీటి త్రాడొకటి పచ్చని గోడపై వ్రేలాడుచున్నట్లుండెను. కొలంబసు సముద్రము మీదనుండియే దీనిని చూచెనని అచటివారు చెప్పుదురు. మాతో వచ్చినవారిలో సగముమంది దానికి వీపు త్రిప్పి, తమ ముఖములను ముందుంచి ఛాయాచిత్రములు తీసికొనిరి. వారిని ఆక్షేపింప మాకు హక్కు లేదు. మేమును రెండు తీసికొంటిమి. అయినను ఇచట ఒక మాట చెప్పవలెను. ఆ నలుబది నిమిషములలో మేము నేర్చుకొన్నది కొంచెము కాదు. వేళ్లగోడల కథ, గిన్నె మొక్కల కథ ఇప్పుడు మా తరగతిలో పాఠములైనవి. కనుక ఒకనాటి యాత్ర వ్యర్థమని ముఖము చిట్లించువారితో మేము ఏకీభవింపము. మంచి మార్గదర్శి యొక గంటలో చెప్పునది మంచి పుస్తకము ఒక పూటలో చెప్పునదానికి తీసిపోదు.

కాని మార్గదర్శి చెప్పనివియు గలవు. కొండ దిగి కాపెస్తేర్-బెల్-ఓ అను ఊరివైపు వచ్చునప్పుడు దారికిరువైపుల అరటితోటలు. గెలలకు నీలిరంగు సంచులు తొడిగియున్నవి. అందఱును బాగున్నదనిరి. ఆ రాత్రి భోజనమువద్ద మా తమ్ముడు వేఱు సంగతి చెప్పెను. 1972 నుండి 1993 వఱకు ఆ తోటలలో అరటిని తొలుచు పురుగును చంపుటకు క్లోర్‌డెకోన్ అను మందు చల్లిరి. ఫ్రాన్సు ప్రధానభూమిలో 1990లోనే నిషేధింపబడినను ఈ దీవులలో మఱి మూడేండ్లు అనుమతి సాగినది. ఆ విషము మట్టిని విడిచిపోవుటకు శతాబ్దములు పట్టును. ఏటినీటిలో, తీరపు చేపలలో, దుంపకూరలలో అది చేరినది. గ్వాదలూప్ వయోజనులలో నూటికి తొంబదిమందికి పైగా రక్తములో దాని జాడ కనబడినది. యాత్రికుని బస్సునుండి చూచినప్పుడు పచ్చదనమే కనబడును, మందు కనబడదు. ఆ ఊరివానిని అడిగినప్పుడు గాని తెలియదు. విద్యార్థులారా, ఏ ప్రదేశమునకు పోయినను అచట బ్రదుకువాని నొకనిని ఏదియైన నొక ప్రశ్న అడిగి రండు. మార్గదర్శి మాట సగము. ఊరివాని మాట తక్కిన సగము.

ఇక ఆ పదునైదు నిమిషముల సంగతి. కాపెస్తేరు దాటిన పిమ్మట రాజమార్గము ప్రక్కననే షాంజీ అను చోట హిందూ దేవాలయము. రంగురంగుల బొమ్మలతో, మన దక్షిణదేశపు గుడులను పోలిన కట్టడము. ఆవరణమున వేపచెట్టు. భారతదేశమునుండి పదునాలుగువేల కిలోమీటర్లకు మించిన దూరమున వేపచెట్టును చూచినప్పుడు కలిగిన భావమును వర్ణింప మాకు శక్తి లేదు. దాని క్రింద నొక వృద్ధురాలు ఊడ్చుచుండెను. మాకు వచ్చిన బడి ఫ్రెంచిలో, "అమ్మా, ఈ చెట్టు పేరేమి?" అని అడిగితిమి. "వెపెలె" అనెను.

చదువరులారా, తమిళమున వేపాకును వేప్పిలై అందురు. నూటడెబ్బది యేండ్లుగా ఆ మాట తల్లినుండి కూతునకు సంక్రమించి, చెట్టుకే పేరై, ఆ వృద్ధురాలి నోట మిగిలియున్నది. ఆమె దేవతను మాలియెమె యనెను, అనగా మారియమ్మ. ఆమె మాకొక పాట పాడి వినిపించెను. తమిళపు పాట. అర్థమేమని యడిగితిమి. తెలియదనియు, తన అమ్మమ్మ పాడెడిదనియు చెప్పెను. తరువాత మమ్ము, "నీవు ఇండియా భాష మాటలాడుదువా?" అని అడిగెను. మేము తెలుగున రెండు వాక్యములు పలికితిమి. ఆమె శ్రద్ధగా విని, తల యడ్డముగా త్రిప్పి, "అది మాది కాదు" అనెను. అంతలో బస్సు కొమ్ము మ్రోగెను. ఆ పదునైదు నిమిషములలో ఐదు నిమిషములు గోపురమునకు ఛాయాచిత్రము తీయుటయందు పోగొట్టుకొంటిమి. ఆ అయిదు నిమిషములకై నేటికిని విచారించుచున్నాము.

వారెట్లు అచటకు చేరిరో విద్యార్థులకు తెలియవలెను. 1848లో ఫ్రెంచి వలసరాజ్యములలో బానిసత్వము రద్దయ్యెను. ఆఫ్రికానుండి తేబడిన బానిసలు స్వతంత్రులైన పిమ్మట చెఱకుతోటల యజమానులు కూలీల కొఱకు మన దేశమువైపు చూచిరి. 1854 డిసెంబరులో ఒరెలీ అను ఓడ తొలి భారతీయ కూలీలను గ్వాదలూప్ చేర్చినది. 1889 వఱకు సుమారు నలుబదిరెండువేలమంది అట్లు పోయిరి. ఐదేండ్ల ఒడంబడికపై పోయినవారు. పెక్కుమంది తోటలలోనే మరణించిరి, కొందఱు తిరిగివచ్చిరి, తక్కినవారు అచటనే నిలిచిపోయిరి. వారి బిడ్డలకు పౌరహక్కులు సైతము ఊరక రాలేదు. 1863లో కాపెస్తేరులోనే జన్మించిన ఆంరి సిదంబరం అను వారు 1904 నుండి న్యాయస్థానములలో పోరాడగా 1923 నాటికి గాని ఆ హక్కు నిలువలేదు. ఆ నలుబదిరెండువేలలో అధికులు తమిళులు. ఉత్తర హిందూస్థానమువారును ఉండిరి. తెలుగువారును ఉండిరి.

తెలుగువారును ఉండిరి! కాని మేమచట ఒక్క తెలుగు మాటనైనను వినలేదు. తమిళమునకు వేపాకు మిగిలినది, అమ్మవారు మిగిలినది, అర్థము తెలియని పాటయైనను మిగిలినది. మన మాటకు ఆ పాటి గూడును లేకపోయినది. కొద్దిమంది, తోటలలో చెదరిపోయినవారు, చుట్టును వేఱు భాషలు, పిల్లలకు బడిలో ఫ్రెంచి, వీథిలో క్రెయోలు. రెండు తరములు చాలినవి. వారిని నిందింపరాదు. పగలెల్ల చెఱకు నఱకి వచ్చిన తల్లికి బిడ్డకు అక్షరములు దిద్దబెట్టు తీరిక యెక్కడిది? బడి యుండిన గదా దిద్దుట!

ఇక బజారు. కార్యక్రమపు అట్టలో దీనికే ఎక్కువ కాలము కేటాయింపబడినది. ప్వాంత్-ఆ-పిత్ర్ నడిబొడ్డున ఇనుప స్తంభములపై నిలిచిన కప్పు క్రింద సుగంధద్రవ్యముల అంగళ్లు. దాల్చినచెక్క, జాజికాయ, లవంగము, వెనిల్లా కాయలు, పసుపు. అంగళ్లలో స్త్రీలే యధికులు. తలకు గళ్లగుడ్డ చుట్టుకొని, నడుమున అదే గుడ్డ కట్టుకొని కూర్చుందురు. ఆ గుడ్డను వారు "మద్రాసు" అందురు. గుడ్డ పేరే మద్రాసు! ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ గళ్లు. తలగుడ్డ ముడికి కొసలు తీయుటలో నొక భాష గలదు. ఒక కొస నిలిపినచో హృదయమింకను ఖాళీయని, రెండైనచో మనసిచ్చితినని, మూడైనచో వివాహితనని, నాలుగైనచో ఇంకను చోటున్నదని. అంగడి యామె ఈ నాలుగవదానిని చెప్పి పకపక నవ్వెను.

మా ప్రక్కన నిలిచిన యాత్రికుడొకడు, "ఇది ఆఫ్రికా వస్త్రమా?" అని అడిగెను. ఆమె, "కాదు, మాది" అనెను. ఆమె మాట నిజమే. కాని గుడ్డ పేరిట నున్న ఊరు మా తరగతి గది గోడపటమున నున్నది. మన కోరమాండలు తీరపు నేతరుమాళ్లు కంపెనీల కాలమున ఓడలెక్కి ప్రపంచమంతయు తిరిగినవి. చీరాల ప్రాంతపు నేతగాండ్రు అట్టి రుమాళ్లకు పేరుపడినవారు. ఆ గళ్లను నేసిన చేయి ఒక తీరమున, కట్టుకొన్న తల వేఱొక తీరమున. నడుమ వర్తకుడు లాభము గొనిపోయెను. నేతగాని పేరు గొనిపోలేదు. రేవు పేరే గుడ్డకు మిగిలినది.

ఆ ప్రక్క యంగడిలో పసుపురంగు పొడి. పేరు "కొలంబో". మేము వాసన చూచితిమి. ధనియాలు, జీలకఱ్ఱ, పసుపు, ఆవాలు, మెంతులు. కన్నులు మూసికొన్నచో మా యింటి వంటగదియే. కూలీల మూటలతో పోయిన మసాల అది. నేడు ఆ దీవి ప్రజలందఱి వంటకము. మాంసముతో, చేపతో, కూరలతో దానిని వండుకొందురు. పండుగనాడది లేని భోజనము లేదు. ఎనిమిది యూరోలకు ఒక రుమాలును, మూడు యూరోలకు ఒక పొట్లమును కొంటిమి. ఒక యూరో తగ్గించుటకై పావుగంట బేరమాడితిమని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. గుడివద్ద లేని తీరిక బేరమునకు దొరకినది!

ఇప్పుడు మా యభిప్రాయమును చెప్పెదము. ఒకనాటి యాత్ర చిన్నదను లోపము నిజముగా లోపము కాదు. మాతో నలుబదిమంది అదే బస్సులో అవే చోట్లను చూచిరి. వారిలో కొందఱికి ఆ గళ్లగుడ్డ రంగుల గుడ్డ; ఆ పొడి ఘాటైన పొడి; ఆ గుడి రంగుల గుడి. మాకు ఆ మూడును మాటలాడినవి. మేము వారికంటె తెలివిగలవారము కాము. మేము వెంట తీసికొనిపోయిన మాటలు వేఱు. వేప యను మాట తెలిసినవానికి వెపెలె వినబడును. మెంతులు తెలిసినవానికి కొలంబో తెలియును. యాత్రికుడు ఊరికి పోవునప్పుడు సంచి ఖాళీగా తీసికొనిపోయి నింపుకొని వచ్చునని అందఱు తలతురు. అది తప్పు. మనసు ఖాళీగా పోయినవాని సంచి మాత్రమే నిండును. కావున తెలుగు అచట పనికివచ్చినదా యని యడిగిన తండ్రిగారికి మా సమాధానమిది: మాటలాడుటకు పనికిరాలేదు, చూచుటకు పనికివచ్చినది. మాటలాడుటకు ఫ్రెంచి పనికివచ్చినది. ఆ ఫ్రెంచిని సైతము మేము తెలుగు మాధ్యమపు బడిలోనే నేర్చితిమి. ఒక భాష యింకొక భాషకు శత్రువు కాదు. పునాది గట్టిగా నున్న యింటికి ఎన్ని అంతస్తులైనను వేయవచ్చును.

ఒక ఆక్షేపణ వచ్చును. "గ్వాదలూప్ కూలీల దశ వేఱు, మన దశ వేఱు, మనకు ప్రక్కనే ఆంధ్రప్రదేశము కలదు, తెలుగు ఎచటికి పోవును?" అని కొందఱందురు. ఆ ధైర్యము మాకు లేదు. మేమును ఆ ప్రక్క రాష్ట్రముననే శిక్షణ పొంది వచ్చితిమి. తెలుగు నేలపైననే పిల్లలు తెలుగు వ్రాయ తడబడుట కన్నులార చూచితిమి. మఱొక దృష్టాంతము చూడుడు. హిందూ మహాసముద్రమందలి మారిషసు దీవికిని ఆ శతాబ్దముననే మనవారు చెఱకుతోటల కూలీలుగానే పోయిరి. అచటను వారు కొద్దిమందియే. అచటను వీథిభాష క్రెయోలే. కాని అచటి తెలుగువారు సంఘముగా నేర్పడి తమ భాషకై పాటుపడిరి. నేటికిని అచటి పాఠశాలలలో తెలుగు బోధింపబడుచున్నది. ఒకే విధమైన ఓడ, ఒకే విధమైన తోట, ఒకే విధమైన కష్టము. ఒకచోట భాష నిలిచినది; ఒకచోట మాయమైనది. భేదములు మఱికొన్ని యుండవచ్చును. కాని బడి యను భేదము వానిలో చిన్నది కాదు. వంటకము వంటగదిలో బ్రదుకును. దేవత గుడిలో బ్రదుకును. గుడ్డ బజారులో బ్రదుకును. భాషకు మాత్రము, ఇల్లు తోడ్పడగా, బడియే గూడు.

చివరగా మన యాత్రల మాట. మన పాఠశాలనుండి ఏటేట కోరంగి మడ అడవులకు ఒకనాటి యాత్ర పోవుచున్నాము. వంతెనపై నడచి, పడవ యెక్కి, పులిహోర తిని, తిరుగుదారిలో కాకినాడ బజారులో దిగి వచ్చుచున్నాము. గ్వాదలూప్ బస్సునకును మన బస్సునకును భేదమేమి? మేము నవ్విన ఆ అట్ట మనదియు కాదా? కోరంగి గొప్ప రేవని, 1839 నవంబరు తుపానులో అది నాశనమైనదని, బర్మాదేశమున తెలుగు కూలీలను కోరంగీలనియే పిలిచెడివారని ఎందఱు పిల్లలకు తెలియును? మడకును తిల్లకును భేదమెఱిగినవారు ఎందఱు? బావురుపిల్లి పేరు వినినవారు ఎందఱు? ఈ తప్పు పిల్లలది కాదు, ఉపాధ్యాయులమైన మాది.

కావున ఈ సంవత్సరమునుండి మూడు నియమములను పాటింపదలచితిమి. మొదటిది: యాత్రకు ముందు వారము ప్రతి విద్యార్థియు ఆ ప్రదేశపు చెట్లు, పక్షులు, చరిత్రకు సంబంధించిన పది తెలుగు మాటలు నేర్చి రావలెను. రెండవది: అచట నొక పడవవానినో, చేపలమ్ము స్త్రీనో పలుకరించి, ఇది యేమి, ఎచటనుండి వచ్చినది, దీనికై యెవరు కష్టపడుచున్నారు అను మూడు ప్రశ్నలడిగి వ్రాసికొని రావలెను. మూడవది: బజారులో కొనదలచినచో ఒక్క వస్తువునే కొనవలెను, దానిని చేసినవాడెవడో తెలిసికొని కొనవలెను. తల్లిదండ్రులు డబ్బు తక్కువ యిచ్చి, ఇంటికి వచ్చిన పిమ్మట ప్రశ్నలు ఎక్కువ అడుగుదురు గాక.

మేము తెచ్చిన మద్రాసు రుమాలును పాఠశాల గ్రంథాలయపు బీరువాలో నుంచితిమి. పొడిని మా యింట ఒకనాడు వండుకొంటిమి. కొంచెము మిగిలినది, పిల్లలు వాసన చూచుటకు అదియు బీరువాలోనే యున్నది. ఆ రెంటి నడుమ చోటు ఖాళీగా నున్నది. ఆ దీవికి పోయిన తెలుగువారి మాట యొక్కటి దొరకియుండిన అచట వ్రాసి పెట్టెడివారము. దొరకలేదు. మన పిల్లల మనుమలు ఏ దేశముననున్నను, ఎవరైన నొక యాత్రికుడు వచ్చి చెట్టు పేరడిగినచో, తెలుగున చెప్పి, దాని యర్థమును గూడ చెప్పగలవారు కావలెనని మా కోరిక. అందుకు వలసిన పని రేపటి ప్రార్థన గంటతో మరల మొదలగును. తండ్రిగారూ, మీ కుమారుని ఆ గంటకు పంపుడు.